ఆఫీసు నెట్‌వర్క్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదా? అడ్డు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నెలలో 19వ తేదీ, రాత్రి తొమ్మిదిన్నర. తెల్లారితే జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్ను వెయ్యడానికి ఆఖరి రోజు. ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి, మాకు చెల్లెలి వరస, ఫోన్ చేసింది. "అన్నా, ఆఫీసు సిస్టమ్ కనెక్ట్ అవ్వట్లేదు. ట్యాలీ అందులోనే ఉంది. మూడుసార్లు రీస్టార్ట్ చేశా, రౌటర్ స్విచ్ తీసి వేశా, నెట్ వాళ్లకి ఫోన్ కూడా చేశా." స్క్రీన్ మీద ఏముందో చదవమన్నాను. అవతలి కంప్యూటర్‌లో రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి లేదు, లేదా ఆ కంప్యూటర్ ఆఫ్ అయి ఉంది, లేదా నెట్‌వర్క్‌లో అందుబాటులో లేదు. మూడు కారణాలూ ఒకే పెట్టెలో.

దూరంగా ఉన్న కంప్యూటర్‌ని మన తెర మీదకి తెచ్చి నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు చూసే సందేశమే అది. మూడింటిలో ఏదో తేల్చకుండా రీస్టార్టులు కొడుతూ పోతే రాత్రి గడిచిపోతుంది. ఆ అమ్మాయి విషయంలో అసలు కారణం అందరూ అనుమానించే ఆఫీసు ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా కాసేది) కానే కాదు. అదేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చూసే మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కనెక్షన్ ఆగితే దాన్ని ఎలాగోలా దాటే ఉపాయాలు వెతక్కండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చండి. అది తేలిన టికెట్ (ఐటీ వాళ్లకి రాసే ఫిర్యాదు) ఒక్క రోజులో పరిష్కారమవుతుంది. "రిమోట్ పనిచెయ్యట్లేదు, అర్జెంట్" అని రాసిన టికెట్ వారం రోజులు ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్ మీదకి తిరుగుతూనే ఉంటుంది.

ఒక మాట. కింద కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

ముందు అనుమతి ఉందో లేదో చూసుకోండి

ఆ కంప్యూటర్‌లోకి బయటి నుంచి రావడానికి మీకు అనుమతి ఉందా? చాలా ఆఫీసుల్లో అది ఉద్యోగి పేరు మీద విడిగా ఇస్తారు. పక్క సీటు వాళ్లకి ఉంది కాబట్టి మీకూ ఉంటుందని అనుకోవద్దు. లేకపోతే ఈ మెట్లన్నీ ఎక్కినా ఫలితం ఉండదు, మేనేజర్ చేత అడిగించుకోవడమే దారి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మోసపూరితంగా చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని త్వరగా అవ్వాలన్న ఆత్రంలో ఎవరూ అంత దూరం వెళ్లకూడదనే ఇది ముందే చెబుతున్నాను.

అమెరికా కంపెనీల్లో పనిచేస్తూ సెలవుకి ఊరొచ్చి ఇక్కడి నుంచి ల్యాప్‌టాప్ తెరిచే వాళ్లకీ ఇదే మాట. అక్కడ బాగా పనిచేసిన వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే రక్షిత దారి) ఇక్కడ లాగిన్ దగ్గరే ఆగిపోతే, చాలాసార్లు కారణం దేశాన్ని బట్టి పెట్టిన అడ్డే. ఇంకేదో ఉచిత వీపీఎన్ వేసుకుని అమెరికాలో ఉన్నట్టు కనిపించే ప్రయత్నం చెయ్యొద్దు, ఉద్యోగానికే ముప్పు. ప్రయాణానికి ముందే ఐటీ వాళ్లకి తేదీలు రాసి ఇచ్చి, మినహాయింపు తీసుకుని బయల్దేరండి.

మొదటి మెట్టు: ఎంతసేపటికి, ఏ మాటతో ఆగింది

కనెక్ట్ నొక్కి గడియారం చూడండి. కొత్త ఊళ్లో చుట్టాలింటికి వెళ్తున్నాం అనుకోండి. అడ్రసు తెలియాలి, దారి ఉండాలి, తలుపు తీసి ఉండాలి, ఇంట్లోవాళ్లు మనల్ని గుర్తుపట్టి లోపలికి పిలవాలి. రిమోట్ డెస్క్‌టాప్ కూడా ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోటే ఆగుతుంది.

ఆ పేరుతో కంప్యూటర్ దొరకడం లేదని వెంటనే వస్తే అడ్రసు సమస్య. మ్యాక్‌లోనో ఫోన్‌లోనో అయితే ఇదే 0ఎక్స్104 అనే కోడ్‌తో వస్తుంది. చాలాసేపు తిరిగి తిరిగి ఆ మూడు కారణాల పెట్టె వస్తే దారి దగ్గరో తలుపు దగ్గరో ఆగినట్టు, అక్కడ కోడ్ 0ఎక్స్204. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె దాటాక ఆగితే చాలావరకు నెట్‌వర్క్ తప్పు కాదు, లాగిన్ గొడవ. కనెక్ట్ అయ్యాక నల్ల తెర వచ్చినా, నిమిషానికోసారి బిగుసుకుపోయినా అది పూర్తిగా వేరే కథ.

వచ్చిన సందేశాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. టికెట్‌లో పనికొస్తుంది.

రెండో మెట్టు: ఒక్కటే మార్చి చూడండి

ఐదు నిమిషాల పని. మీ ఆఫీసు నియమాలు ఒప్పుకుంటే, అదే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మళ్లీ ప్రయత్నించండి. ఇంట్లో ఉండి ఆఫీసు పీసీకి వెళ్తున్నవాళ్లకి హాట్‌స్పాట్ మీద కలిసి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద కలవకపోతే తప్పు ఇంటి వైపే ఉంది. ఆఫీసులో కూర్చుని క్లయింట్ సర్వర్‌కి వెళ్తున్నవాళ్లకి హాట్‌స్పాట్ మీద కలిసిందంటే ఆఫీసు నెట్‌వర్క్ బయటికి పోనివ్వడం లేదన్నమాట. పోర్టు అంటే కంప్యూటర్‌లో ఒక్కో సేవకి ఉండే తలుపు నంబరు. వెబ్‌సైట్లు వాడే 80, 443 పోర్టులు తప్ప మిగతావేవీ బయటికి తెరవని ఆఫీసులు బోలెడు. రిమోట్ డెస్క్‌టాప్ వాడేది 3389.

హాట్‌స్పాట్ మీద పని జరిగింది కదా అని రోజూ అలాగే నడిపించొద్దు. అది పరీక్ష మాత్రమే. ఆఫీసు ఫైర్‌వాల్ చూపు పడని దారిలో క్లయింట్ సర్వర్‌కి వెళ్లడం రెండు కంపెనీల ఒప్పందాలనీ దెబ్బతీయవచ్చు.

మీతో పాటు అదే చోటికి వెళ్లే ఇంకొకరికి కలుస్తోందా అని కూడా అడగండి. ఎవరికీ కలవకపోతే మీ ల్యాప్‌టాప్‌ని విడదీసి చూడాల్సిన పనే లేదు.

మూడో మెట్టు: పేరు సరైన అడ్రసు చూపిస్తోందా

వీపీఎన్ కలిపి ఉంచి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

ఎన్ఎస్‌లుకప్ అకౌంట్స్-పీసీ

అకౌంట్స్-పీసీ ఉన్న చోట మీ ఆఫీసు కంప్యూటర్ పేరు పెట్టండి. ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు, వస్తే సరే. అలాంటి పేరు లేదని వస్తే, చుక్కలతో ఉండే ఆఫీసు డొమైన్ పేరు కూడా చివర కలిపి పూర్తి పేరుతో ప్రయత్నించండి. పూర్తి పేరు పనిచేసి పొట్టి పేరు పనిచెయ్యకపోతే, వీపీఎన్ మీ ల్యాప్‌టాప్‌కి డొమైన్ పేరు అందించడం లేదు. ఇది ఐటీ వాళ్లు వీపీఎన్ సెట్టింగుల్లో ఒక వరస చేరిస్తే తీరిపోతుంది.

ఐపీ వచ్చినా అది పాతదై ఉండొచ్చు. ఆఫీసు పీసీ నిన్న కొత్త ఐపీ తీసుకుంది, పేర్లకి ఐపీలు చెప్పే డీఎన్‌ఎస్‌లో పాతదే మిగిలింది. అప్పుడు మీరు వేరేవాళ్ల తలుపు తడుతున్నట్టే. ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టి మళ్లీ కనెక్ట్ చేసి చూడండి, ఎన్ఎస్‌లుకప్‌లో పాతదే వస్తుంటే అది సర్వర్ వైపు సరిచెయ్యాల్సింది.

పేరుకి బదులు నేరుగా ఐపీ పెట్టి కనెక్ట్ అయితే సమస్య డీఎన్‌ఎస్‌దేనని తేలిపోయింది. కానీ ఐపీనే శాశ్వతంగా వాడుకోవద్దు. పేరుతో వెళ్తే డొమైన్‌లో కెర్బెరోస్ పద్ధతిలో గుర్తింపు జరుగుతుంది, ఐపీతో వెళ్తే మామూలుగా పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతికి పడిపోతుంది. భద్రత పట్టించుకునే ఆఫీసులు ఎన్‌టీఎల్‌ఎం మూసేస్తున్నాయి, కాబట్టి ఇవాళ పనిచేసిన ఐపీ రేపు లాగిన్ దగ్గర ఆగిపోవచ్చు.

నాలుగో మెట్టు: దారి

నిజమైన పని ఇక్కడుంది, కాబట్టి తొందరపడొద్దు. పవర్‌షెల్ తెరిచి ఈ లైన్ నడపండి:

టెస్ట్-నెట్‌కనెక్షన్ అకౌంట్స్-పీసీ -పోర్ట్ 3389

అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. వచ్చే జవాబులో అందరూ చివరి వరస మాత్రమే చూస్తారు: టీసీపీటెస్ట్‌సక్సీడెడ్, ట్రూ లేదా ఫాల్స్. దానికి పైనున్న వరసలు కూడా చదవండి. రిమోట్‌అడ్రస్ అంటే మీరు తడుతున్న ఐపీ. సోర్స్‌అడ్రస్ అంటే మీ ల్యాప్‌టాప్ ఏ అడ్రసుతో బయల్దేరింది. ఇంటర్‌ఫేస్‌ఏలియాస్ అంటే ఏ దారిన బయల్దేరింది, వైఫై మీదా, వీపీఎన్ మీదా అని.

ఆ రాత్రి ఆ అమ్మాయి చేత నడిపించింది ఈ లైనే. ఫాల్స్ వచ్చింది, అది ఊహించిందే. నాకు కావాల్సింది పై వరస. వీపీఎన్ కనెక్ట్ అయి ఉందని కింద మూలన చూపిస్తోంది, కానీ ఇంటర్‌ఫేస్‌ఏలియాస్ దగ్గర వైఫై అని ఉంది. సోర్స్‌అడ్రస్ 192.168.1.7. ఆఫీసు పీసీ ఐపీ 192.168.1.40.

"ఇంట్లో ఈమధ్య నెట్ ఏమైనా మార్చారా?" అని అడిగాను. మొన్న ఆదివారమే కొత్త కనెక్షన్ తీసుకున్నారట, కొత్త రౌటర్ పెట్టి వెళ్లారట. పాత రౌటర్ ఇంట్లో 192.168.0 వరసలో అడ్రసులు ఇచ్చేది. కొత్తది 192.168.1 వరసలో ఇస్తోంది. ఆఫీసులోనూ అదే వరస. దాంతో ల్యాప్‌టాప్‌కి 192.168.1.40 అనగానే అది మన ఇంట్లోనే, ఇదే వైఫై మీద ఉందని అనిపిస్తుంది. వీపీఎన్ వైపు చూడనే చూడదు. ఇల్లంతా పిలిచి, పలికేవాళ్లు లేక ఊరుకుంటుంది. ఆఫీసు ఫైర్‌వాల్ దాకా ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) కూడా చేరలేదు.

దీనికి మందు ఇంటి రౌటర్‌లోనే ఉంది. రౌటర్ పేజీలోకి వెళ్లి ల్యాన్ సెట్టింగుల్లో 192.168.1.1 ని 192.168.57.1 లాంటి అరుదైన వరసకి మార్చి, సేవ్ చేసి, ఇంట్లో పరికరాలన్నీ మళ్లీ వైఫైకి కలుపుకోవడం. పదిన్నరకల్లా ట్యాలీ తెరుచుకుంది. అంతకుముందు హాట్‌స్పాట్ మీద పెట్టి చూసి ఉంటే సాయంత్రమే తేలిపోయేది. ఇంటి నుంచి పనిచేసే వాళ్లలో ఈ వరసల గొడవ నేను తరచూ చూస్తుంటాను, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా మొదట ఆఫీసు ఫైర్‌వాల్‌నే తప్పుపడతారు.

సరైన దారిన వెళ్లినా ఫాల్స్ వస్తే, ఎంతసేపటికి వచ్చిందన్నది చూడండి. రెండు మూడు సెకన్లలో ఫాల్స్ వస్తే ఎవరో జవాబిచ్చి వద్దన్నారు: ఆ ఐపీ దగ్గర పరికరం ఉంది కానీ ఆ పోర్టులో వినేవాళ్లు లేరు, లేదా మధ్యలో ఫైర్‌వాల్ స్పష్టంగా తిప్పి పంపింది. ఇరవై సెకన్ల దాకా ఏమీ రాక తర్వాత ఫాల్స్ వస్తే ప్యాకెట్‌ని ఎవరో చప్పుడు లేకుండా పడేస్తున్నారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చప్పుడు లేదంటే మధ్య ఫైర్‌వాలే అని తేల్చేస్తారు. విండోస్‌కి సొంత ఫైర్‌వాల్‌లో దొంగచాటుగా ఉండే గుణం ఒకటుంది. ఆ పోర్టులో ఎవరూ వినకపోయినా "లేరు" అని జవాబివ్వదు, మౌనంగా ఉంటుంది. అంటే అవతలి పీసీలో రిమోట్ డెస్క్‌టాప్ ఆఫ్ చేసి ఉన్నా, పీసీ నిద్రపోయినా, మధ్యలో ఫైర్‌వాల్ ఆపినా మీకు కనిపించేది అదే నిశ్శబ్దం. విడదీసే మార్గం ఒక్కటే. ఆఫీసులో, అదే నెట్‌వర్క్‌లో కూర్చున్న సహోద్యోగి చేత అదే లైన్ నడిపించండి. వాళ్లకి ట్రూ, మీకు ఫాల్స్ అయితే అడ్డు మధ్యలో ఉంది. వాళ్లకీ ఫాల్స్ అయితే ఆ పీసీ దగ్గరికే వెళ్లాలి. ఈ ఒక్క ఫోన్ కాల్ సగం రోజు ఆదా చేస్తుంది.

పింగ్ మీద మాత్రం ఆధారపడొద్దు. పింగ్‌ని చాలా ఆఫీసులు ఆపేస్తాయి. పింగ్ రాలేదని పీసీ లేదనుకోవడమూ తప్పే, పింగ్ వచ్చిందని 3389 తెరిచి ఉందనుకోవడమూ తప్పే.

ట్రూ వచ్చినా పాస్‌వర్డ్ అడగకముందే కనెక్షన్ తెగిపోయే సందర్భం ఒకటుంది. కొత్త తరం ఫైర్‌వాల్స్ పోర్టు నంబరుతో ఆగవు, లోపల వెళ్తున్నది ఏ అప్లికేషనో గుర్తుపడతాయి. మొదటి పలకరింపు పోనిస్తాయి, రిమోట్ డెస్క్‌టాప్ అని తెలియగానే తెంపేస్తాయి. కొన్నిచోట్ల మధ్యవర్తిగా నిలబడే ప్రాక్సీ సర్వరే ట్రూ అని జవాబిచ్చేస్తుంది, అసలు పీసీకి ఏమీ తెలియదు. ఆ పీసీలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, మైక్రోసాఫ్ట్, విండోస్ కింద ఉండే రిమోట్‌డెస్క్‌టాప్‌సర్వీసెస్-ఆర్‌డీపీకోర్‌టీఎస్ లాగ్‌లో 131 నంబరు ఈవెంట్ కోసం చూడమని చెప్పండి. కొత్త టీసీపీ కనెక్షన్ వచ్చిందని రాసేది అదే. మీరు ప్రయత్నించిన నిమిషానికి 131 లేకపోతే మీ కనెక్షన్ అక్కడి దాకా చేరలేదు.

అయిదో మెట్టు: ఆఫీసు పీసీ దగ్గర

మీరే వెళ్లగలిగితే మంచిది, లేదంటే అక్కడున్న వాళ్లని ఫోన్‌లో ఉంచి చూడమనండి. చిన్న ఆఫీసుల్లో మొదట చూడాల్సింది విండోస్ ఏ ఎడిషన్ అన్నది. హోమ్ ఎడిషన్ పీసీ నుంచి బయటికి కనెక్ట్ అవ్వొచ్చు గానీ, దానిలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడం కుదరదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే కుదురుతుంది. షాపులో ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చేది ఎక్కువగా హోమే.

తర్వాత నిద్ర. సాయంత్రం ఆరింటికి కలిసి తొమ్మిదింటికి కలవకపోతే, మిగతావన్నీ పక్కన పెట్టి పవర్ సెట్టింగుల్లో స్లీప్ చూడండి. ప్లగ్‌లో ఉన్నప్పుడు నెవర్ అని ఉండాలి.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో క్యూవిన్‌స్టా అని కొట్టండి. ఆర్‌డీపీ-టీసీపీ అనే వరస, దాని పక్కన లిజన్ అని కనిపించాలి. కనిపించకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్‌లో స్విచ్ ఆన్‌లో లేనట్టే. ఆన్‌లో ఉండి, లిజన్ ఉండి, పక్క సీటు నుంచి కూడా రాకపోతే విండోస్ ఫైర్‌వాల్ చూడాలి. అనుమతించిన యాప్‌ల జాబితాలో రిమోట్ డెస్క్‌టాప్ పక్కన టిక్ ఏ గడిలో ఉంది, ఆ పీసీ నెట్‌వర్క్ ఇప్పుడు పబ్లిక్‌గా గుర్తించబడిందా ప్రైవేట్‌గానా అన్నవి రెండూ సరిపోవాలి. స్విచ్ మార్చాకో, కేబుల్ మార్చాకో నెట్‌వర్క్ పబ్లిక్‌గా మారిపోవడం మామూలే. విడిగా కొన్న యాంటీవైరస్‌లకి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, దాన్నీ మర్చిపోవద్దు.

రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్ బూడిద రంగులో ఉండి, ఈ సెట్టింగ్‌ని మీ సంస్థ చూసుకుంటోందని రాసి ఉంటే అక్కడే ఆగండి. అది గ్రూప్ పాలసీ, అంటే సంస్థ తన పీసీలన్నిటికీ ఒకచోట నుంచి పెట్టే నియమం. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో మార్చినా పాలసీ మళ్లీ అమలైనప్పుడు తుడిచెయ్యొచ్చు, పైగా మీరు మార్చినట్టు ఆనవాలు మిగులుతుంది.

ఆరో మెట్టు: లోపలికి పిలవడం

యూజర్‌నేమ్ దాటాక ఆగితే రెండుసార్లకి మించి ప్రయత్నించొద్దు, అకౌంట్ లాక్ అవుతుంది. విండోస్‌లోకి రోజూ నాలుగంకెల పిన్‌తో వెళ్లేవాళ్లు అసలు పాస్‌వర్డ్ మర్చిపోతారు. రిమోట్‌లో ఆ పిన్ చెల్లదు. మీ పేరు ఆ పీసీలో రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూప్‌లో ఉండాలి. పాస్‌వర్డ్ గడువు తీరిపోయినా, మొదటిసారి మార్చుకోవాల్సిన కొత్త ఉద్యోగి అయినా, నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (తెర రాకముందే పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి) ఉన్న చోట రిమోట్ నుంచి మార్చుకోవడం కుదరదు. ముందు ఆఫీసు ఇచ్చే వేరే పద్ధతిలో మార్చుకుని రావాలి.

క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ, ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ అనే మాటలతో సందేశం వస్తే, రెండు పీసీల్లో ఒకటి 2018 నాటి భద్రతా అప్‌డేట్ కూడా వేసుకోలేదని అర్థం. పాలసీని వదులు చేసుకోమని ఎవరైనా చెబితే వినొద్దు. ఆ పాత పీసీకి అప్‌డేట్లు వెయ్యడమే పరిష్కారం.

ఐటీ వాళ్లకి ఇంకో చిట్కా: సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఈవెంట్ తెరిచి స్టేటస్, సబ్‌స్టేటస్ కోడ్‌ల చివర చూడండి. 6ఏ అంటే పాస్‌వర్డ్ తప్పు, 234 అంటే అకౌంట్ లాక్, 71 అంటే గడువు తీరింది, 15బీ అంటే ఈ పద్ధతిలో లాగిన్ అయ్యే హక్కు ఇవ్వలేదు. యూజర్‌ని పది ప్రశ్నలు అడగక్కర్లేదు.

కలిసినా బిగుసుకుపోతుంటే

రిమోట్ డెస్క్‌టాప్ మొదట టీసీపీ (చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) మీద కలిసి, తర్వాత బొమ్మ త్వరగా రావడానికి యూడీపీ (చూసుకోకుండా వేగంగా పంపే పద్ధతి) 3389 కూడా వాడుకుంటుంది. మధ్యలో ఉన్న వీపీఎన్‌లు, ఫైర్‌వాల్స్ కొన్ని యూడీపీని సగం సగం మోస్తాయి. అప్పుడే తెర నిమిషానికోసారి ఆగుతుంది, లేదా నల్లగా ఉండిపోతుంది. మీ ల్యాప్‌టాప్ గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ కింద టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్ అనేది ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే దాన్ని ఎనేబుల్ చెయ్యమని ఐటీ వాళ్లని అడగండి. వేగం కాస్త తగ్గినా నిలకడగా ఉంటుంది.

అప్పటికీ నల్ల తెరే వస్తుంటే ప్యాకెట్ పరిమాణం చూడాలి. పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 అని కొట్టి, చివర ఆఫీసులో పింగ్‌కి పలికే అడ్రసు ఏదైనా పెట్టండి. ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యాల్సి వస్తోందని జవాబు వస్తే సంఖ్య తగ్గించుకుంటూ వెళ్లి, ఎక్కడ వెళ్తోందో కనుక్కోండి. దానికి 28 కలిపితే ఎంటీయూ, అంటే ఆ దారి మొయ్యగలిగే అతిపెద్ద ప్యాకెట్ పరిమాణం. వీపీఎన్ ఎంటీయూని అంతకి మించకుండా పెట్టడం నెట్‌వర్క్ టీమ్ పని.

ఒక్క పని మాత్రం చెయ్యొద్దు

చిన్న ఆఫీసుల్లో, ముఖ్యంగా ట్యాలీ ఉన్న చోట్ల, రౌటర్‌లో 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం నేను చాలాసార్లు చూశాను. వీపీఎన్ గొడవ లేదు, ఎక్కడి నుంచైనా వస్తుంది, అందరికీ సుఖం. తెరిచిన పోర్టుని బయటి స్కానర్లు పట్టుకోవడానికి రోజులు పట్టదు. షోడాన్ లాంటి సైట్లలో తెరిచి ఉన్న రిమోట్ డెస్క్‌టాప్‌లు వరసగా కనిపిస్తాయి. 3389ని ఇంకో నంబరుకి మార్చినా స్కానర్లకి అడ్డు కాదు. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా ఈ పోర్టు గుండా లోపలికి రాగలిగే లోపం అది. ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

నాకు తెలిసిన ఒక ఆఫీసులో, ఇలా తెరిచిన పోర్టు గుండా వచ్చినవాళ్లు ట్యాలీ డేటానీ, అదే డిస్క్‌లో పెట్టిన బ్యాకప్‌నీ కలిపి తాళం వేశారు. మూడేళ్ల లెక్కలు కాగితాల నుంచి మళ్లీ ఎక్కించారు. రాత్రుళ్లు కూర్చుని ఎక్కించిన వాళ్లని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇదే కారణంతో, ఐటీ వాళ్లకి చెప్పకుండా ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేసుకోవద్దు. అవి మంచి సాఫ్ట్‌వేర్‌లే. కానీ అనుమతి లేకుండా పెట్టిన దాన్ని ఎవరూ అప్‌డేట్ చెయ్యరు, ఎవరూ కాపలా కాయరు.

వీపీఎన్ లేని సంస్థలకి చక్కని దారి రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే, అంటే బయటి నుంచి వచ్చేవాళ్లని సరిచూసి లోపలి పీసీకి కలిపే సర్వర్. అది 443 మీద నడుస్తుంది కాబట్టి చాలా నెట్‌వర్క్‌ల నుంచి బయటికి వెళ్లగలుగుతుంది. లాగిన్‌కి రెండో గుర్తింపు కూడా జోడించొచ్చు. అప్పటికీ ఆగితే, ఆఫీసు ఫైర్‌వాల్ 443లో వెళ్లేది విప్పి చూస్తూ సర్టిఫికెట్ మార్చేస్తోందేమో కనుక్కోండి. ఆ గేట్‌వే పేరుకి మినహాయింపు అడగాలి.

ఆఖరి మెట్టు: టికెట్

అడ్డు మధ్యలో ఉందని తేలాక రాయాల్సింది ఇలా ఉంటుంది. ఇంగ్లీషులో రాసినా విషయం ఇదే:

"వీపీఎన్ నుంచి అకౌంట్స్-పీసీకి టీసీపీ 3389 వెళ్లడం లేదు. నా వీపీఎన్ ఐపీ 10.20.5.14, అవతలి ఐపీ 192.168.1.40. 19వ తేదీ రాత్రి 9:42కి పరీక్షించాను, ఇరవై సెకన్ల తర్వాత ఫాల్స్. బయల్దేరిన దారి వీపీఎన్ అడాప్టర్. అదే సమయంలో ఆఫీసు లోపలి నుంచి సహోద్యోగికి ట్రూ. ఇంటి నెట్ మీదా, హాట్‌స్పాట్ మీదా ఒకే ఫలితం. గత శుక్రవారం దాకా పనిచేసింది. కావలసింది: వీపీఎన్ అకౌంట్స్ గ్రూప్ నుంచి ఈ ఒక్క పీసీకి 3389, నెలాఖరు దాకా. కారణం: జీఎస్టీ రిటర్నులు. అనుమతి: మేనేజర్ మెయిల్ జతచేశాను. ఔట్‌పుట్ ఫోటో జతచేశాను."

ఇందులో నిమిషంతో సహా టైమ్ రాయడం చాలా ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగ్‌లు దాచి ఉంచాలి, కాబట్టి 9:42 అంటే నెట్‌వర్క్ టీమ్ ఆ నిమిషానికి వెళ్లి ఏ నియమం ఆపిందో చూడగలుగుతుంది. "గత శుక్రవారం దాకా పనిచేసింది" అన్న మాట శుక్రవారం తర్వాత ఎవరు ఏ మార్పు చేశారో వెతకమని వాళ్లకి దారి చూపిస్తుంది. అడిగేది ఒక గ్రూప్, ఒక పీసీ, ఒక పోర్టు, ఒక గడువు అయితే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోవడం తేలిక. "అన్నీ తెరవండి" అంటే ఎవరూ తెరవరు, తెరవకూడదు కూడా.

తెరిచామని జవాబు వచ్చాక టెస్ట్-నెట్‌కనెక్షన్ లైన్‌నే మళ్లీ నడపండి. ట్రూ వచ్చిన తెరని టికెట్‌లో పెట్టి, గడువు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. అవసరం ఇంకా ఉంటే దానికి రెండు రోజుల ముందే పొడిగింపు అడగండి.